అతివేగ లేజర్‌తో అణుకంపనాల కొలత: నాలుగవ పాఠం

మూడవ పాఠంలో ఒక అభ్యాసం ఇచ్చాను: సిలికాన్ సంకేతంలో ఒక ఊపు నుంచి తర్వాతి ఊపుకు డిలే స్టేజిని (లేజర్ పల్సును ఆలస్యం చేసేందుకు జరిపే అద్దాల బల్లను) 9.6 మైక్రాన్లు జరపాల్సివస్తే, ఆ కంపనపు వేవ్‌నంబర్ (ఒక సెంటీమీటరులో పట్టే అలల సంఖ్య) ఎంత? ఎక్కువమంది 1042 అని జవాబు పంపారు. ఆదివారాల్లో మల్లేశ్వరంలో నాతో కూర్చొనే తెలుగు విద్యార్థులు సైతం అదే రాశారు. సరైన విలువ 520 దగ్గర ఉంటుంది. డిలే స్టేజి మీది అద్దాలు కాంతిని వెనక్కి పంపుతాయి కనుక, స్టేజి 9.6 మైక్రాన్లు జరిగితే కాంతి నడిచే దారి 19.2 మైక్రాన్లు పెరుగుతుంది. ఆ రెట్టింపును మరిచినవారికి కంపన కాలం 64 ఫెమ్టోసెకండ్లకు (ఒక ఫెమ్టోసెకండు అంటే సెకండులో వెయ్యి లక్షల కోట్లవ వంతు) బదులు 32గా తేలింది.

నేనైతే ఫెమ్టోసెకండ్ల జోలికే వెళ్లను. ఒక ఊపుకు స్టేజి జరిగిన దూరాన్ని సెంటీమీటర్లలో తీసుకొని, రెట్టింపు చేసి, దాని విలోమాన్ని రాస్తే వేవ్‌నంబర్ నేరుగా వస్తుంది. పల్సు నిడివి కంపన కాలంలో సగానికన్నా తక్కువ ఉండాలన్నది మీకు తెలిసినదే.

1928లో రామన్ కనుగొన్న ప్రభావం కంపనాన్ని కాంతి రంగులోని మార్పుగా చూపితే, ఒక పల్సుతో కంపనాన్ని రేపి, ఆలస్యంగా వచ్చే రెండో పల్సుతో దాన్ని చూసే మన పంపు-ప్రోబు పద్ధతి దానినే కాలంలో ఊగే సంకేతంగా చూపుతుంది. అందువల్ల వర్ణపట రేఖ వెడల్పును తిరగవేస్తే కంపనం ఆయుర్దాయం వచ్చేస్తుందని చాలామంది రాస్తున్నారు. ఈ పొరపాటును నేను ఉపేక్షించలేను. కోలాటంలో ఆటగాళ్లంతా అలసిపోయి ఆగిపోవడం ఒకటి, ఎవరూ ఆగకుండానే లయ తప్పి కర్రల చప్పుడు కలగాపులగం కావడం మరొకటి. సంకేతం ఈ రెండు కారణాల వల్లా సన్నగిల్లుతుంది. శక్తి అణువులోనే ఉండగా అణువుల మధ్య దశ, అంటే ఊపుల లయ, చెదిరినా మనకు కనిపించే ఊపు పోతుంది. ద్రవ నైట్రోజన్‌లో దశ సుమారు 150 పికోసెకండ్లలో (ఒక పికోసెకండు వెయ్యి ఫెమ్టోసెకండ్లు) చెదరుతుంది, కాని ఉత్తేజిత కంపనంలోని శక్తి సెకండ్ల కొద్దీ నిలిచి ఉంటుంది, ఎందుకంటే పక్క అణువుకు చేరినా అది అదే కంపనంగా ఉంటుంది, అంత పెద్ద శక్తి తునకను అణువుల నెమ్మదైన కదలికలు, తిరుగుళ్లు సులువుగా అందుకోలేవు. నీటిలో కథ వేరు. దాని ఓ-హెచ్ (ఆక్సిజన్-హైడ్రోజన్ బంధపు కంపనం) రేఖ దాదాపు 400 వేవ్‌నంబర్ల వెడల్పు ఉంటుంది. తిరగవేస్తే 26 ఫెమ్టోసెకండ్లు వస్తుంది, కాని నిజమైన ఆయుర్దాయం 200 ఫెమ్టోసెకండ్ల ప్రాంతంలో ఉంటుంది. ఒక్కో అణువు చుట్టూ హైడ్రోజన్ బంధాల అమరిక ఒక్కో తీరుగా ఉండి, వాటి పౌనఃపున్యాలు పరచుకోవడమే ఆ వెడల్పుకు ప్రధాన కారణం. కాబట్టి ఆయుర్దాయం కావాలంటే ఊపును పక్కన పెట్టి, ఉత్తేజిత స్థితిలోని అణువుల సంఖ్య ఎలా తరుగుతున్నదో విడిగా కొలవాలి.

అభ్యాసం: బిస్మత్ స్ఫటికపు కంపనం సుమారు 2.9 టెరాహెర్ట్జ్ (ఒక టెరాహెర్ట్జ్ అంటే సెకండుకు లక్ష కోట్ల ఊపులు). స్టేజి ఒక్కో కొలతకు జరిగే దూరాన్ని 1, 10, 30 మైక్రాన్లుగా మూడుసార్లు మార్చి, క్రమంగా సన్నగిల్లే సంకేతాన్ని చేతితో గీయండి. 30 మైక్రాన్ల గీతలో దొంగ వేవ్‌నంబర్ ఒకటి కనిపిస్తుంది. అది ఎంతో, ఎందుకు వచ్చిందో లెక్కతో సహా రాసి పంపండి.