కాలనీ గ్రూపులో పోస్టు తీసేయాల్సి వస్తే

హన్మకొండలో మా కాలనీ వాట్సాప్ గ్రూపుకు నేను అడ్మిన్‌ని. ఏ మెసేజ్ తీసేసినా వెంటనే వచ్చే మాట ఒకటే: "ఏందన్నా, మాట్లాడే హక్కు కూడా లేదా మాకు?"

హక్కుంది. రాజ్యాంగంలోని 19(1)(ఎ) అధికరణం ఇచ్చిందే. కానీ అది ప్రధానంగా సర్కారు మన నోరు నొక్కకుండా కాపాడడానికి, అంతేగానీ ప్రతి గ్రూపూ ప్రతి మాటనూ ఉంచుకుని తీరాలని కాదు. మన అరుగు మీద కూర్చుని ఎవరైనా పక్కింటోళ్లను తిడుతుంటే లేచి వెళ్లమంటాం కదా, ఇదీ అంతే.

అయితే అరుగు మనదని ఇష్టమొచ్చినట్టు చేయకూడదు. గొడవ లేనప్పుడే నాలుగు రూల్స్ రాసి గ్రూప్ డిస్క్రిప్షన్‌లో పెట్టండి, గొడవ మొదలయ్యాక రాస్తే ఫలానా మనిషి కోసమే రాశారనుకుంటారు. తీసేసినప్పుడు కారణం అందరి ముందూ ఒక్క లైన్‌లో చెప్పండి. మీ బామ్మర్ది పెట్టినా అదే రూల్.

మిమ్మల్ని ప్రశ్నించే మెసేజ్ జోలికి మాత్రం పోకండి. బతుకమ్మ చందా లెక్క చెప్పమని ఒక అక్క గ్రూపులో అడిగితే, "పండగ పూట ఎందుకీ లొల్లి" అని నేను తీసేశాను. డబ్బులన్నింటికీ లెక్కుంది, అయినా ఆ ఒక్క పనితో నా మీద అనుమానం వచ్చింది, రావడం న్యాయమే. మర్నాడు బిల్లుల ఫోటోలు పెట్టి, అందరి ముందూ ఆమెకు సారీ చెప్పాను. తిట్టు వేరు, ప్రశ్న వేరు. చేయి డిలీట్ మీదికి వెళ్లినప్పుడల్లా ఈ తేడా చూసుకోండి.

మెంబర్లకూ బాధ్యత ఉంది. 2023 జులై వానలకు వరంగల్ మునిగినప్పుడు మా గ్రూపులోకి ఎక్కడిదో పాత వరద వీడియో వచ్చింది, అది చూసి ముసలోళ్లు టెన్షన్‌తో రాత్రంతా నిద్రపోలేదు. అలాంటిది వస్తే "ఇది ఏ వీధి, ఎప్పుడు తీశారు, మీరే తీశారా" అని అడగండి, జవాబు లేకపోతే ముందుకు పంపకండి. ఇంకొకరు నమ్మి చెప్పుకున్న కష్టాన్ని స్క్రీన్‌షాట్ తీసి బయట తిప్పడం నా దృష్టిలో తిట్టడం కన్నా పెద్ద తప్పు.

చట్టం సంగతికొస్తే, మెంబర్ పెట్టిన పోస్టుకు అడ్మిన్ అయినంత మాత్రాన బాధ్యుడు కాడని కేరళ హైకోర్టు 2022లో చెప్పింది. రాసినవాళ్లు మాత్రం తప్పించుకోలేరు: పరువు నష్టానికి భారతీయ న్యాయ సంహితలో 356వ సెక్షన్ ఉంది, రెండేళ్ల వరకు జైలు పడొచ్చు. "మన గ్రూపే కదా" అంటే కుదరదు.

ఎవరినైనా గ్రూపు నుంచి తీసేసే ముందు ఒకసారి ఫోన్ చేయండి. మెసేజ్‌లో అగ్గిలా మండే మనిషి ఫోన్‌లో "సరే అన్నా, నేనే తీసేస్తా" అనడం నేను చాలాసార్లు విన్నాను.