యాపిల్ కొరికితే నోరు దురదా? పుప్పొడి ప్రొటీన్‌తో పక్కపక్కన పెట్టి చూద్దాం

మా చెల్లెలికి హన్మకొండలో ఉన్నన్నాళ్లూ యాపిల్ తింటే ఏమీ కాలేదు. జర్మనీ వెళ్లిన మూడో ఏడు ఏప్రిల్‌లో తుమ్ములు మొదలయ్యాయి, ఆ తర్వాత పచ్చి యాపిల్ కొరికితే చాలు నాలుకా పెదాలూ దురద. "అక్కా, ఇక్కడ పండ్లకు ఏం మందు కొడుతున్నారో" అని ఫోన్‌లో ఒకటే టెన్షన్. మందు కాదు, అక్కడి బిర్చ్ చెట్ల పుప్పొడి. మనం భూర్జపత్రం అంటామే, అది హిమాలయాల్లో పెరిగే బిర్చ్ బెరడే. వరంగల్ చుట్టుపక్కల ఆ చెట్లు లేవు. పుప్పొడి ప్రొటీన్ మీద ఒంట్లో ఐజీఈ యాంటీబాడీలు (అలర్జీ తెప్పించే రక్షక ప్రొటీన్లు) తయారయ్యాక, అదే పోలికతో ఉన్న యాపిల్ ప్రొటీన్‌ను కూడా అవి పట్టుకుంటాయి.

ఆ పోలికను మీ ల్యాప్‌టాప్‌లో మీరే చూడొచ్చు, పైసా ఖర్చు లేదు. బయోటెక్నాలజీ చదివే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ప్రాజెక్టు కోసం వెతుకుతుంటే ఇది చేయండి.

ముందు పేర్లు. బిర్చ్ ప్రొటీన్ బెట్ వి 1, యాపిల్‌ది మాల్ డి 1, చెర్రీది ప్రూ ఎవి 1. మొక్క శాస్త్రీయ నామంలోని మొదటి అక్షరాలే ఇవి.

ప్రొటీన్ల త్రీడీ నిర్మాణాలు దాచే ప్రొటీన్ డేటా బ్యాంక్ అమెరికా సైట్ తెరిచి, రెండు నిర్మాణాలను పోల్చే టూల్‌లోకి వెళ్లండి. ఒక గడిలో బిర్చ్ ప్రొటీన్ నిర్మాణం కోడ్ 1బీవీ1 అనీ రెండో గడిలో యాపిల్‌ది 5ఎంఎంయూ అనీ ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టి, రెండింటికీ ఇంగ్లిష్ 'ఏ' అక్షరం ఉన్న చెయిన్ ఎంచుకుని, ఆకారాలను ఒకదాని మీద ఒకటి పేర్చే టీఎం-అలైన్ పద్ధతితో నడపండి. మొదటిది ప్రొటీన్ క్రిస్టల్ నుంచి, రెండోది ఎన్ఎంఆర్ (అయస్కాంత క్షేత్రంతో నిర్మాణం తేల్చే పద్ధతి) నుంచి వచ్చింది. ఎన్ఎంఆర్ ఫైల్‌లో ఒకే ప్రొటీన్‌కు చాలా మోడళ్లుంటాయి, కంగారు పడకండి, మొదటిది చాలు. ఏడు పోగుల బీటా షీటు (పట్టీల మడత), చివర పొడవాటి హెలిక్స్ (మెలిక), మధ్యలో పెద్ద బోలు, రెండూ ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి. అమైనో ఆమ్లాలు సగానికి పైగా ఒకటే.

చాలామంది ఇక్కడే స్క్రీన్‌షాట్ తీసి రిపోర్టు రాసేస్తారు. దయచేసి ఆగండి. యాంటీబాడీకి లోపలి మడతతో పనిలేదు, అది తాకేది పైభాగాన్నే. అందుకని 1బీవీ1ను విడిగా త్రీడీలో తెరిచి, సర్ఫేస్ పెట్టి, పైన వరుసలో 45వ స్థానం నొక్కండి. అది గ్లుటామేట్ అనే అమైనో ఆమ్లం, బయటికి పొడుచుకుని ఉంటుంది. దాని పక్కనే 46 నుంచి 51 దాకా ఉన్న లూప్ యాపిల్‌లోనూ దాదాపు అదే. ఎలుక యాంటీబాడీ ఈ భాగాన్ని పట్టుకుని ఉన్న నిర్మాణం కావాలంటే 1ఎఫ్ఎస్‌కే తెరవండి, ఎక్కడ తాకుతోందో కళ్లారా కనిపిస్తుంది.

నాకు అన్నిటికంటే నచ్చిన జత చెర్రీది. 1ఈ09 మామూలు ప్రొటీన్. 1హెచ్2ఓలో 45వ గ్లుటామేట్ తీసి ట్రిప్టోఫాన్ అనే మరో అమైనో ఆమ్లం పెట్టారు, ఇందులో చివరి అక్షరం ఓ, సున్నా కాదు, చూసి కొట్టండి. రెండింటినీ పోల్చితే మడత చెక్కుచెదరలేదు, అయినా పుప్పొడి అలర్జీ ఉన్నవాళ్ల ఐజీఈ ఈ మార్చిన ప్రొటీన్‌కు అంటుకోవడం తగ్గింది. మీ రిపోర్టులో ఈ జతకే ఎక్కువ పేజీలు ఇవ్వండి.

ఒక జాగ్రత్త. స్క్రీన్ మీది పోలిక చూసి ఎవరికీ "నీకు ఈ పండు పడదు" అని చెప్పకండి, అది డాక్టరు పరీక్షతో తేలాలి. ఈ ప్రొటీన్లు వేడికీ కడుపులోని ఆమ్లానికీ ఆగవు కాబట్టి ఎక్కువమందికి దురద నోటి దగ్గరే ఆగిపోతుంది, ఉడికించిన యాపిల్ పడుతుంది కూడా. పీచ్‌లోని ప్రూ పి 3 వేరే కుటుంబపు ప్రొటీన్, నాలుగు డైసల్ఫైడ్ బంధాలతో (గంధకం జతల ముడులు) గట్టిగా ఉంటుంది, వేడికి లొంగదు. గొంతు బిగిసినా ఊపిరి ఆడకపోయినా వెంటనే ఆసుపత్రికి పోవాలి.

మన దగ్గరి ఉదాహరణ కావాలంటే ప్రొఫిలిన్లు అనే మరో ప్రొటీన్ కుటుంబాన్ని పట్టండి. మన గరిక పుప్పొడిలో సిన్ డి 12, ఎండాకాలం రోడ్ల పక్కన కుప్పలు పోసే ఖర్బూజలో క్యూక్ ఎం 2, రెండూ ప్రొఫిలిన్లే. యూనిప్రాట్ అనే ప్రొటీన్ల డేటాబేస్ నుంచి వీటి అమైనో ఆమ్లాల వరుసలు దించుకుని కలిపి చూడండి, ఆకారం కోసం బిర్చ్ ప్రొఫిలిన్ 1సీక్యూఏ, రబ్బరు చెట్టు ప్రొఫిలిన్ 1జీ5యూ పక్కపక్కన పెట్టండి, మళ్లీ సర్ఫేస్ నుంచే మొదలుపెట్టండి.