అల్యూమినియం సెక్షన్లకు ఏజింగ్ – ఐదవ పాఠం: గంటలు ఎప్పటి నుంచి లెక్కపెట్టాలి?

నాలుగవ పాఠం చివర, ఏజింగ్ కోసం, అంటే ఓవెన్‌లో వేడిచేసి గట్టిపరచడం కోసం, 6063 (మెగ్నీషియం, సిలికాన్ కలిసిన అల్యూమినియం మిశ్రమం) సెక్షన్లను, అంటే ప్రెస్‌లోంచి తోసి తీసిన పొడుగాటి కడ్డీలను, గొట్టాలను, 175 డిగ్రీల సెల్సియస్ వద్ద 8 గంటలు గాని, 205 డిగ్రీల వద్ద ఒక గంట గాని ఉంచాలని రెండు ముక్కల్లో రాసి ముగించాను. దాన్ని నమ్మి ఓవెన్ నడిపినవారిలో కొందరికి సరుకు మెత్తగా దిగింది. గాజువాక ఆటోనగర్‌లో పనిచేసే ఒక పాఠకుడు 205 డిగ్రీల పద్ధతి పాటించగా, ఒకే ట్రాలీలో పై వరుస సెక్షన్లు వెబ్‌స్టర్ (గట్టిదనం కొలిచే చేతి పరికరం, అంకె పెరిగితే గట్టిదనం ఎక్కువ) మీద 11 చూపాయనీ, నడిమి వరుసవి 6 దగ్గరే ఆగిపోయాయనీ రాశారు. బిల్లెట్ (ప్రెస్‌లో వేసే లోహపు దిమ్మ) మంచిది కాదేమోనని ఒకరు, ప్రెస్ దగ్గర సెక్షన్లను చల్లార్చే ఫ్యాన్లు సరిగా వీచలేదేమోనని మరొకరు అనుమానించారు. లోపం నా వాక్యంలోనే ఉంది. ఆ డిగ్రీలు గాలివా, లోహానివా అన్నది నేను చెప్పలేదు.

బర్నర్ ముట్టించడం, బ్లోయర్ తిరుగుతున్నదో లేదో చూడడం, తలుపు బిగించడం మీకు తెలిసినవే కనుక వాటి జోలికి పోను.

ఓవెన్ గోడకున్న మీటరు చూపేది గాలి వేడిని. గాలి ముందు వేడెక్కుతుంది, ఆ గాలి నుంచి లోహం వేడిని తీసుకుంటుంది, కాబట్టి లోహం ఎప్పుడూ వెనకబడే ఉంటుంది. ఇడ్లీ పాత్ర మూత సందుల్లోంచి ఆవిరి వచ్చినంత మాత్రాన నడిమి రేకులోని పిండి ఉడికిందని ఏ ఇల్లాలూ దించదు. ఓవెన్ దగ్గరికి వచ్చేసరికి మనం సరిగ్గా ఆ పనే చేస్తున్నాం. అల్యూమినియం వేడిని బాగా ప్రసరింపజేస్తుంది కదా, అంత తేడా ఎందుకుంటుందని ఇద్దరు అడిగారు. ఒక సెక్షన్ లోపల ఆ మాట నిజమే. కానీ పక్కపక్కన పేర్చిన రెండు సెక్షన్లు ఏవో కొన్ని గీతల వెంబడి మాత్రమే ఆనుకుంటాయి, మిగిలిన జాగా అంతా కదలని గాలి, అది వేడిని దాటనివ్వదు. అందుచేత స్పేసర్లు (వరుసల మధ్య గాలి ఆడేందుకు పెట్టే ఎడంకట్టెలు) లేకుండా కుక్కిన ట్రాలీలో బయటి వరుసలు వేడిని పుచ్చుకుంటుంటే నడిమి వరుసలు వంతు కోసం కాచుకుని ఉంటాయి.

లెక్క చూడండి. ఉదయం 9 గంటలకు ట్రాలీ లోపలికి పంపారు, 9:40 కి మీటరు కావలసిన వేడిని చూపింది, నడిమి సెక్షన్ ఆ వేడికి చేరేసరికి 10:30 అయింది అనుకుందాం. మీటరును నమ్మి 205 డిగ్రీల పద్ధతిలో 10:40 కి దించితే నడిమి సరుకుకు దక్కింది 10 నిమిషాలు. అదే 50 నిమిషాల ఆలస్యం 175 డిగ్రీల పద్ధతిలో జరిగితే 8 గంటలకు బదులు 7 గంటల 10 నిమిషాలు దక్కుతాయి, సరుకు కొంచెం తగ్గుతుందే తప్ప పాడుకాదు. రోజుకు ఇంకొక ట్రాలీ దించవచ్చన్న ఆశతో యజమానులు గంట పద్ధతిని కోరినా నేను 175 డిగ్రీలనే పట్టుకుని వేలాడడానికి కారణం ఇదే.

చేయవలసింది ఏమిటంటే, ఆ ట్రాలీలోని అన్నిటికంటే మందమైన సెక్షన్ నుంచి అడుగు పొడవు తుక్కు ముక్కను కోసి, దాని మందంలోకి సన్నటి రంధ్రం తొలిచి, థర్మోకపుల్ (వేడిని కొలిచే తీగల జత) కొసను అందులో బిగించి, ఆ ముక్కను సరుకు నట్టనడుమ పెట్టాలి. ఇలాగే థర్మోకపుల్ బిగించిన రెండవ ముక్కను వేడిగాలి వచ్చే వైపుకు దూరంగా ఉన్న చివర పెట్టాలి. కొసను సెక్షన్ పైన తీగతో కట్టి ఊరుకుంటే అది సగం గాలిని, సగం లోహాన్ని చూపి మిమ్మల్ని మభ్యపెడుతుంది. ట్రాలీ ఇనుముకు తగిలినా అంతే. రెండింటిలో వెనకబడినది కావలసిన వేడికి 5 డిగ్రీల లోపుకు వచ్చిన నిమిషం నుంచి గడియారం మొదలుపెట్టండి. మందపు సెక్షన్లనూ పలుచని గొట్టాలనూ ఒకే ట్రాలీలో కలపవద్దు.

ఆలస్యాన్ని పూడ్చడానికి వేడిని 15 డిగ్రీలు పెంచాను అని రాసినవారికి ఒక మాట. క్వెంచింగ్‌లో (వేడి సెక్షన్‌ను చప్పున చల్లార్చడంలో) లోహంలో కరిగి ఉండిపోయిన మెగ్నీషియం, సిలికాన్ ఓవెన్‌లో అతి సన్నని రేణువులుగా బయటపడినప్పుడే బలం వస్తుంది. వేడి గాని సమయం గాని మించితే ఆ రేణువులు ముతకబడి, వాటి మధ్య దూరం పెరిగి, బలం మళ్లీ తగ్గుతుంది. అప్పుడు బయటి వరుసలు ఎక్కువై, నడిమి వరుసలు తక్కువై, రెండూ మెత్తగానే ఉంటాయి, వెబ్‌స్టర్ ఆ తేడాను చెప్పదు.

తేడా తెలియాలంటే మెత్తని ముక్కను 175 డిగ్రీల వద్ద మరో 2 గంటలు ఉంచి కొలవండి. అంకె పెరిగితే ఏజింగ్ చాలలేదు. తగ్గితే మితిమీరింది. అటూ ఇటూ కదలకుండా కిందనే ఉండిపోతే తప్పు ప్రెస్ దగ్గర జరిగింది, అంటే సెక్షన్ నిదానంగా చల్లారి రేణువులు అప్పుడే ముతకగా బయటపడ్డాయి. దాన్ని మళ్లీ 520 డిగ్రీలకు వేడి చేసి క్వెంచ్ చేస్తే తప్ప ఏజింగ్ ఓవెన్ బాగుచేయలేదు. పలుచని సెక్షన్ అయితే ఆ పనిలో వంకర్లు పోతుంది, కరగబెట్టడమే చవక.

షెడ్డులో నాలుగు రోజులు ఉంచితే దానంతట అదే గట్టిపడుతున్నది, ఓవెన్ ఎందుకని ఒకరు అడిగారు. గట్టిపడే మాట నిజం; జర్మనీలో ఆల్ఫ్రెడ్ విల్మ్ 1906 లో రాగి కలిసిన మిశ్రమంలో గమనించినది అదే. అయితే 6063 అలా వదిలేస్తే టీ1 స్థితిలో (ప్రెస్ దగ్గర చల్లార్చి దానంతట అది గట్టిపడనిచ్చినది) యీల్డ్ బలం, అంటే లోహం మళ్లీ సర్దుకోకుండా వంగడం మొదలయ్యే ఒత్తిడి, 90 మెగాపాస్కల్స్ దగ్గర ఉంటుంది, టీ5 లో (ప్రెస్ దగ్గర చల్లార్చి ఓవెన్‌లో ఏజింగ్ చేసినది) 145, టీ6 లో (విడిగా మళ్లీ వేడిచేసి, క్వెంచ్ చేసి, ఏజింగ్ చేసినది) 215 దాకా వస్తుంది. కిటికీ చట్రాలు ఆ తేడా మీదే నిలబడతాయి.

మన విశాఖ గాలిలో తేమ ఎక్కువ కనుక తడి సెక్షన్లను ఒకదానిపై ఒకటి పేర్చి రాత్రంతా వదలవద్దు, తెల్లని మరకలు పడితే యానోడైజింగ్‌లో (విద్యుత్తుతో పైన రక్షణ పొర కట్టించే పనిలో) కూడా బయటపడతాయి.

అభ్యాసం: వరుసగా మూడు ట్రాలీలకు, మూడు చోట్ల థర్మోకపుల్‌లు పెట్టి, ప్రతి 15 నిమిషాలకు అంకెలు రాసి, మీటరు గీతతో కలిపి గ్రాఫు కాగితం మీద గీయండి. ప్రతి ట్రాలీ నుంచి పది సెక్షన్లు తీసి రెండు చివరలా వెబ్‌స్టర్ కొలవండి. మేము టీ5 లో 8 కంటే తక్కువ వచ్చినదాన్ని పంపేవాళ్లం కాదు. స్పేసర్లు లేకుండా ఒక ట్రాలీ, ఉంచి రెండు ట్రాలీలు నడపండి. ఈ మూడు కాగితాలు చేతిలో లేకుండా ఆరవ పాఠం చదవవద్దు, ఎందుకంటే అందులో 6061 అనే మరో మిశ్రమపు సెక్షన్ల సంగతి మీ ఓవెన్ ఆలస్యం ఎన్ని నిమిషాలో తెలుసన్న నమ్మకంతోనే మొదలవుతుంది.