పొగగొట్టం సంగతులు – 3వ పాఠం: చల్లబడిన గొట్టం

పోయిన పాఠంలో చెప్పిన పరీక్ష చేశారా? పొయ్యి రాజేయకముందు గూట్లో అగరుబత్తి పెట్టి పొగ ఎటు పోతుందో చూడమన్నాను. పైకి పోతే దిగుల్లేదు. గదిలోకి వంగితే గొట్టం నిండా చల్లగాలి దిగి కూర్చుందన్నమాట. డిసెంబరు తెల్లవారుజామున మన ఒడిశా కొరాపుట్ కొండల్లో, సెమిలిగుడలో, పొట్టంగిలో, గది వెచ్చబెట్టుకునే చలిపొయ్యి ఉన్న ఇళ్లకి ఈ బాధ ఎక్కువ.

వేడిగాలి తేలిక, చల్లగాలి బరువు. గొట్టం ఎంత ఎత్తుంటే, లోపలి గాలికీ బయటి గాలికీ వేడిలో ఎంత తేడా ఉంటే, లాగుడు అంత బలంగా ఉంటుంది. అందుకే గొట్టం బయటి చలికి చల్లారకుండా ఇంటి మధ్యనుంచి పోవడం మేలు. మనలో చాలామందిమి సాలూరు ఘాటీ ఎక్కి వచ్చినవాళ్లమే. కింద ఊళ్లలో చలిపొయ్యితో పనేముంది? మా మేస్త్రీ కూడా "లోపల జాగా కలిసొస్తది బాబూ" అంటూ గొట్టాన్ని బయటి గోడకి అంటించి కట్టేశాడు. మూడు చలికాలాలు కళ్లు మండాకగానీ నాకు కిటుకు తెలియలేదు. అలాగని పొగగొట్టం తెలుగువాళ్లకి మరీ కొత్తేం కాదు. హైదరాబాద్ ఇంజినీరింగ్ పరిశోధనశాలలో ఎస్.పి. రాజుగారు పొగగొట్టంతో మట్టిపొయ్యి తయారుచేసి 1953లోనే వివరాలు అచ్చువేయించారు.

కిటుకు ఇదీ. గొట్టం మూత (పొగదారిని మూసే రేకు) పూర్తిగా తెరిచి, పాత పేపరు చుట్టి వెలిగించి, దాని కింద ఒక నిమిషం పట్టుకోండి. గొట్టం వేడెక్కాక కట్టెలు అంటించండి. కిటికీ వేలెడు తెరిచి ఉంచండి. పైకి పోయే గాలికి బదులు గాలి లోపలికి రావాలి గదా!

చల్లటి గొట్టంతో రెండో కీడు తారు. పచ్చికట్టె కాలితే ఆవిరీ, సగం కాలిన జిడ్డూ కలిసి పైకి పోతాయి. పొగ సుమారు 120 డిగ్రీల కిందికి చల్లారితే అవి గోడకి పట్టేస్తాయి. ముందు పొడి మసి, తర్వాత పెళుసు పెచ్చులు, చివరికి బెల్లంపాకంలా నల్లగా మెరిసే పొర. ఆ చివరిది బ్రష్‌కి లొంగదు, నిప్పంటుకుంటే ఆగదు. నిన్న కొట్టిన నీలగిరి కట్టె ఇవాళ పొయ్యిలో పెట్టకండి. చీల్చి, వాన తగలకుండా, గాలాడేలా పేర్చి కనీసం ఆరు నెలలు ఆరబెట్టాలి. తేమ 20 శాతం లోపుండాలి. రెండు చెక్కలు కొట్టి చూడండి: ఖంగుమంటే ఎండింది, దబ్బుమంటే పచ్చి. తెల్లవార్లూ నిప్పుండాలని గాలి బిగించి కట్టెని మగ్గబెట్టారో, తారు ఇంకా పేరుకుంటుంది.

లోపలి పొర పెసరగింజంత మందమైతే, అంటే 3 మిల్లీమీటర్లైతే, దులపాల్సిందే. అంత లేకపోయినా ఏడాదికోసారి, చలి మొదలవకముందే చూసుకోండి. పొయ్యి ఆరి ఒక రోజు గడవాలి. గూటికి తడిగోనె అడ్డం కట్టి, ముక్కుకి మాస్కు పెట్టుకుని, గొట్టం కొలతకి సరిపోయే తీగబ్రష్‌ని బరువు కట్టిన తాడుతో పైనుంచి దించుతూ లాగండి. మంచుకి తడిసిన పెంకుల మీదికి మాత్రం ఎక్కొద్దు, ఎండ వచ్చేదాకా ఆగండి. బూడిదలో నిప్పు రోజుల తరబడి దాక్కుంటుంది. మూతున్న ఇనపబకెట్లో పోసి ఇంటికి దూరంగా పెట్టండి.

నిప్పుకణికలు పూర్తిగా చావకముందే వెచ్చదనం పోతుందని గొట్టం మూత వేయడం ప్రాణం మీదికి తెస్తుంది. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసనా లేదు, రంగూ లేదు. తలుపులు బిగించి కుంపటి పక్కన పడుకున్నా ఇదే ముప్పు.

గొట్టంలో రైలు వస్తున్నట్టు హోరు వినిపిస్తే తారు అంటుకున్నట్టే. ముందు ఇంట్లోవాళ్లందరినీ బయటికి పంపి 101కి ఫోన్ చేయండి. వీలుంటేనే పొయ్యికి గాలి మూసేయండి. గొట్టంలో నీళ్లు పోయకండి, కాలిన ఇటుక పగులుతుంది. మంట ఆరాక కూడా లోపలి పగుళ్లు చూపించుకోకుండా మళ్లీ రాజేయొద్దు.

వచ్చే పాఠం గొట్టం కొస ఎత్తు గురించి. ఈలోగా మీ గొట్టం కప్పుకి ఎన్ని అడుగులు పైనుందో, పది అడుగుల లోపు చెట్టుకొమ్మలేమైనా ఉన్నాయో కిందినుంచే చూసి రాసిపెట్టుకోండి.