మిగిలిన కోడికూర, అన్నం: ఒకే బాణలిలో, ముద్దవకుండా

మిగిలిన కోడికూరలో అన్నం కలిపి వేడి చేస్తే మాకెప్పుడూ ముద్దే అయ్యేది. నూనె పెంచినా, మంట పెంచినా, అన్నం విడిగా వేయించినా లాభం లేకపోయింది.

కుదిరింది ఇలా. ఫ్రిజ్‌లోంచి తీసిన అన్నాన్ని చల్లగా ఉండగానే తడిచేత్తో విడదీశాను. కూరలో ముక్కలు ఏరి, ఎముకలు తీసి పక్కన పెట్టాను. వెడల్పాటి ఇనుప బాణలిలో ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కరివేపాకు వేగాక గ్రేవీ ఒక్కటే పోశాను. కిటుకంతా ఇక్కడే ఉంది: అంచుల్లో నూనె తేలి, గరిటతో గీస్తే అడుగు కనబడేదాకా అది దగ్గరపడాలి. దయచేసి తొందరపడకండి! అప్పుడే అన్నం, దానిమీద ముక్కలు. రెండు నిమిషాలు కదపకుండా వదిలి, అడుగునుంచి తిరగేసి, అంతా పొగలొచ్చేదాకా వేడి చేశాను. మెతుకు మెతుకూ విడిగా, అడుగున కాస్త కరకరలాడుతూ వచ్చింది.

మాది పాత సోనా మసూరి. కొత్తబియ్యానికి, కొబ్బరిపాలు పోసిన కూరకి ఇలాగే వస్తుందని హామీ ఇవ్వలేను.