ఆరు నెలలు గడిచాయి, అనుకున్న పనులు ఎక్కడ ఆగాయి? సమస్యలు - పరిష్కారాలు

జూన్ 30తో ఏడాదిలో 181 రోజులు అయిపోతాయి, లీపు సంవత్సరమైతే 182. డిసెంబరు 31 దాకా ఇంకా 184 ఉంటాయి, అంటే మిగిలిందే ఎక్కువ. పైగా ఆషాఢంలో పెళ్ళిళ్ళు ఉండవు కాబట్టి ఒక ఆదివారం మధ్యాహ్నమైనా మన చేతికి దొరుకుతుంది. జనవరిలో రాసుకున్నవి బయటికి తీయండి. ఏ పని ఏ వారంలో ఆగిందో పట్టుకుంటే చాలు, కారణం దాదాపు ఎప్పుడూ ఆ వారంలోనే దొరుకుతుంది. కింద రాసినవన్నీ నాకో, నాకు బాగా కావలసిన వాళ్ళకో ఎదురైనవే.

సమస్య: ఆ లిస్టు తెరవాలంటేనే టెన్షన్

కారణం: పరీక్ష ఫలితాలు చూసుకుంటున్నట్టు చూస్తున్నాం. తప్పామని ముందే తెలుసు కాబట్టి చూడబుద్ధి కాదు.

ఏం చేయాలి: లిస్టు ముందు తీయకండి. బ్యాంక్ స్టేట్‌మెంట్, ఫోన్‌లో నడక లెక్క, ఆఫీసు క్యాలెండర్, ఫోటోల గ్యాలరీ, ఈ నాలుగూ జనవరి నుంచి నెల నెలా చూసుకుంటూ రండి. ఏ నెలలో ఏం జరిగిందో ఒక్కో లైను రాయండి: ఫిబ్రవరిలో అమ్మకి కళ్ళ ఆపరేషన్, ఏప్రిల్‌లో ఇల్లు మారాం, ఇలా. లిస్టు దాని తర్వాత తీస్తే మీ ఆరు నెలలు ఎటు పోయాయో కళ్ళ ముందే ఉంటుంది, టెన్షన్ సగం తగ్గుతుంది.

సమస్య: ఏది ఆగినా "నా బద్ధకం వల్లే" అనిపించడం

దీని గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే చాలామంది ఇక్కడే తమని తాము తిట్టుకుని లిస్టు మూసేస్తారు.

నా సంగతే చెప్తాను. జనవరిలో పొద్దున్నే 45 నిమిషాలు నడవాలనుకున్నాను, 6:15కి బయల్దేరి ఏడింటికల్లా ఇంటికి వచ్చేదాన్ని, రెండున్నర నెలలు చక్కగా సాగింది. తర్వాత ఆగిపోయింది. బద్ధకమే అనుకున్నాను, నిజంగా నమ్మాను కూడా. జులైలో ఫోన్‌లో నడక లెక్క చూస్తే మార్చి మధ్యలో గీత ఒక్కసారిగా కిందికి పడిపోయి ఉంది. ఆ వారం ఏమైందా అని వెనక్కి వెళ్తే, ఒంటిపూట బడులు మొదలయ్యాయి! 8:20కి వచ్చే స్కూల్ బస్సు 7:05కి రావడం మొదలైంది, నేను నడిచే ఆ ముప్పావుగంట కాస్తా బాబుకి టిఫిన్ పెట్టి, యూనిఫాం వేసి, రోడ్డు మీదికి తీసుకెళ్ళే సమయం అయిపోయింది. ఆ వెంటనే వేసవి సెలవులు, ఊరు, ఎండలు. జూన్ 12న బడులు తెరిచాక బస్సు మళ్ళీ 8:20కే వస్తోంది, కానీ నేను మాత్రం నడక మొదలుపెట్టలేదు. అడ్డు తొలగిపోయి నెల దాటింది, నేను గమనించనే లేదు.

కారణం: చాలా పనులు మెల్లగా నీరుగారిపోవు, ఒక రోజు టక్కున ఆగుతాయి. ఆపింది ఇంట్లోనో ఆఫీసులోనో వచ్చిన ఒక మార్పు. ఆ మార్పు వెళ్ళిపోయినా ఆగిన పని దానంతట అది మొదలవదు.

ఏం చేయాలి: ఆగిన ప్రతి పనికీ రెండే ప్రశ్నలు. ఏ వారం ఆగింది? అప్పుడు వచ్చిన అడ్డు ఇప్పుడు ఉందా? లేకపోతే రేపే మొదలుపెట్టండి, కొత్త ప్లాన్ అక్కర్లేదు. ఇంకా ఉంటే ఆ పని టైమైనా మార్చాలి, ఇంట్లో ఎవరో ఒకరైనా అందుకోవాలి. వచ్చే మార్చిలో ఒంటిపూట బడులప్పుడు బాబుని బస్సెక్కించే పని తను చూసుకుంటానని మా ఆయన అన్నారు. ఈ మాట జనవరిలోనే మాట్లాడుకుని ఉండాల్సింది.

సమస్య: జీతం వస్తోంది, పొదుపు మాత్రం కనబడట్లేదు

కారణం: ఖర్చులు పోగా మిగిలింది దాద్దామనుకోవడం. మే, జూన్ నెలల్లో ఫీజులు, పుస్తకాలు, పెళ్ళి కానుకలు అన్నీ ఒకేసారి మీద పడతాయి, మిగిలేది ఏమీ ఉండదు.

ఏం చేయాలి: ఏడాదికి 1,20,000 దాచాలనుకుని ఇప్పటికి 35,000 దాచారనుకోండి. మిగతా 85,000ని ఆరు నెలలకి పంచితే నెలకి 14 వేల పైనే. పది వేలే కష్టమైనవాళ్ళకి పద్నాలుగు వేలు కుదరదు, ఆగస్టులోనే చేతులెత్తేస్తారు. 8,000 కుదురుతుందంటే అదే రాసుకోండి, డిసెంబరుకి మొత్తం 83,000 అవుతుంది. అంకె తగ్గించుకోవడం తప్పు కాదు. జీతం పడిన మర్నాడే ఆ డబ్బు ఆటో డెబిట్‌లో వెళ్ళిపోయేలా పెట్టండి.

సమస్య: ఆఫీసులో సెల్ఫ్ అప్రైజల్ ఫారం (మన పని గురించి మనమే రాసుకునేది) ముందు కూర్చుంటే రాయడానికి ఏమీ తోచదు

కారణం: పని చేయక కాదు. జనవరిలో రాసిన లక్ష్యం ఒక ప్రాజెక్టుది, మార్చి నుంచి మిమ్మల్ని వేరే దాంట్లో వేశారు. చేసిందేమో ఎక్కడా రాసి లేదు, రాసిందేమో చేయలేదు.

ఏం చేయాలి: మీరు పంపిన మెయిళ్ళు, మూసిన టికెట్లు (మీ దాకా వచ్చి మీరు పూర్తి చేసిన పనులు), మీటింగుల క్యాలెండర్ తిరగేయండి. చేసిన పని, దానివల్ల ఏం మారింది, ఈ రెండూ కలిపి రాయండి. "రిపోర్టులు చూశాను" అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు, "రెండు రోజులు పట్టే రిపోర్టు ఇప్పుడు మూడు గంటల్లో అవుతోంది" అంటే అర్థమవుతుంది. పాత లక్ష్యం ఇక వర్తించదని, దాని బదులు ఏది చేస్తున్నారో మేనేజరుకి ఇప్పుడే మెయిల్ పెట్టండి. నోటిమాటతో వదిలేస్తే డిసెంబరులో ఎవరికీ గుర్తుండదు, ఈ విషయంలో దెబ్బతిన్న స్నేహితులు నాకు ఇద్దరున్నారు. మీ కంపెనీ లెక్క ఏప్రిల్ నుంచి మార్చి దాకా అయితే సగం ఏడాది సమీక్ష అక్టోబరులో వస్తుంది, అయినా ఈ నోట్సు ఇప్పుడే రాసిపెట్టుకోండి.

సమస్య: తిండి మార్చాను, షుగర్ రిపోర్టు మాత్రం మారలేదు

హెచ్‌బీఏ1సీ అనే రక్త పరీక్ష సుమారు గత రెండు మూడు నెలల షుగర్ సగటు చూపిస్తుంది. జూన్ 10న మొదలుపెట్టి జులై మొదట్లో పరీక్ష చేయిస్తే అందులో ఎక్కువ భాగం పాత రోజుల లెక్కే. నిరాశపడకండి, మూడు నెలలు నిండాక మళ్ళీ చేయించండి. మందుల సంగతి డాక్టరే చెప్పాలి.

సమస్య: చూసుకున్న రెండు వారాలకే మళ్ళీ మామూలే

కారణం: ముందున్న అడ్డంకులు లెక్కలోకి తీసుకోలేదు. శ్రావణంలో పెళ్ళిళ్ళు, వినాయక చవితి, పిల్లల పరీక్షలు, దసరా, దీపావళి, ఇవేవీ చెప్పకుండా వచ్చేవి కావు.

ఏం చేయాలి: క్యాలెండర్‌లో ముందు ఆ రోజులు గుర్తుపెట్టండి, అప్పుడు పని ఆగుతుందని ఒప్పుకోండి, పక్కనే మళ్ళీ ఎప్పుడు మొదలుపెడతారో తేదీ రాయండి. మా వంటింట్లో వేలాడే క్యాలెండర్ మీద, దసరా సెలవులయ్యాక బడి తెరిచే రోజు గడిలో, ఎర్ర పెన్నుతో "6:15, నడక" అని రాశాను. దాని కింద మా ఆయన చేత కూడా ఒక సంతకం పెట్టించాను.