శ్రావణానికి గదులు కొత్తగా కావాలా? ఆషాఢంలో పని పెట్టుకునేవారికి జాగ్రత్తలు

మన ఇళ్లలో ఇంటీరియర్ పనులకు ఓ చిత్రమైన కేలండర్ ఉంది. పెళ్లిళ్ల సీజన్ ముగుస్తుంది, ఆషాఢంలో ముహూర్తాలు ఉండవు, ఇంట్లో అందరికీ కాస్త తీరిక దొరుకుతుంది. వరలక్ష్మీ వ్రతం నాటికి హాలూ పూజగదీ కళకళలాడాలి. దాంతో గోడ కొట్టడం, లప్పం పెట్టడం, కప్‌బోర్డులు బిగించడం అన్నీ ఆ నెల రోజుల్లోకే వచ్చిపడతాయి. నైరుతి వానలు గట్టిగా పట్టుకునేదీ అప్పుడే. గోడ ఆరదు, చెక్క ఆరదు, పాలిష్ ఆరదు, గడువు మాత్రం దగ్గరపడుతూ ఉంటుంది. వ్రతం రోజు మెరిసిన గోడ దసరాకల్లా పెచ్చులూడిందంటే తప్పు చాలాసార్లు రంగుది కాదు, తడి ఆరకముందే దాని మీద మూత పెట్టినవాళ్లది.

ముందు తేదీలు వెనక నుంచి లెక్కేయండి

కొత్త సిమెంటు ప్లాస్టరింగుకు కనీసం 7 రోజులు నీళ్లు కొట్టాలి. ఆ తర్వాత లోపలిదాకా ఆరాలంటే మొత్తం మీద 28 రోజులు వదలాలి. అదీ ఎండాకాలం లెక్క, వానల్లో ఇంకా ఎక్కువే పడుతుంది. కప్‌బోర్డుల పని ఓ మాదిరి ఫ్లాటుకు రెండు వారాలు తింటుంది. లప్పం, ప్రైమరు, రెండు కోట్ల రంగుకు మరో వారం పైన. వీటిని కూడితే, గోడ పగలగొట్టి కొత్తగా కట్టే పని ఆషాఢం మొదట్లో పెట్టుకుని శ్రావణానికి ముగించడం కుదరదు. కుదిరిందని ఎవరైనా అంటే 28 రోజుల్లో కోత పెట్టారనే అర్థం.

సిమెంటు, నీళ్లు, టైల్స్‌తో పడే పనులన్నీ ఏప్రిల్, మే నెలల్లోనే ముగించుకోండి. వానల్లోకి ఫ్యాక్టరీలో తయారై వచ్చే వార్డ్‌రోబ్‌లు, లైట్లు, కర్టెన్లు, సోఫా గుడ్డ మార్చడం లాంటి పొడి పనులు మిగుల్చుకోండి. ఎండాకాలం దాటిపోయిందా, ఈ ఏటికి గోడలు కొట్టే ఆలోచన మానుకుని పొడి పనులతోనే హాలు రూపు మార్చుకోవచ్చు. ఎండల్లో చేసే పనికీ ఓ చిక్కుంది. వేడెక్కిన గోడ కొత్త ప్లాస్టరింగులోని నీటిని పీల్చేస్తుంది, సన్నటి బీటలు వస్తాయి. పని మొదలుపెట్టే ముందు ఇటుకను బాగా తడపాలి. తర్వాత రోజుకు మూడుసార్లయినా నీళ్లు కొట్టాలి.

గోడను అడగండి

లప్పం పెట్టే ముందు ఈ పరీక్ష చేయండి. ఖర్చు లేదు. మందపాటి పాలిథిన్ షీటును అడుగున్నర చదరం కత్తిరించి, అనుమానం ఉన్న చోట గోడకు ఆనించి, నాలుగు వైపులా గాలి చొరబడకుండా టేపు వేయండి. 24 గంటల తర్వాత చూడండి. షీటు లోపలివైపు, అంటే గోడకు తగిలే వైపు, నీటి చుక్కలు పట్టినా గోడ నల్లబడినా తడి గోడలోంచే వస్తోంది. పైవైపు మాత్రమే చెమ్మగా ఉంటే అది గదిలోని గాలి తేమ. ఒక్కచోట చేసి ఊరుకోవద్దు. బాత్‌రూమ్‌కు వెనకవైపు గోడ, కిటికీ కింద భాగం, బయటి గోడ మూల, ఈ మూడుచోట్లా చేయాలి.

చెమ్మ ఎక్కడిదో దాని ఆకారమే చాలావరకు చెబుతుంది. నేల నుంచి రెండు మూడు అడుగుల ఎత్తు వరకు వరసగా గీత గీసినట్టు ఉప్పు పేలితే కింది నుంచి ఎక్కుతున్న నిమ్ము. కింది అంతస్తు ఇళ్లలో, పాత ఇళ్లలో ఇది మామూలే. గోడ మధ్యలో గుండ్రంగా మచ్చ కట్టి, వెనక కొళాయో మిక్సరో ఉంటే పైపు జాయింటు. కిటికీ కింది మూలల నుంచి ఏటవాలుగా దిగితే బయట గట్టు రాయి గోడ వైపు వాలి ఉందనో, సజ్జ కలిసేచోట బీట పడిందనో అనుకోవచ్చు. మూడింటికీ మందు వేరు. మూడింటి మీదా ‘వాటర్‌ప్రూఫ్’ అని రాసిన ఒకే డబ్బా పూసి పొమ్మంటే తడి పక్కకు జరుగుతుంది తప్ప పోదు.

పాత ప్లాస్టరింగును రూపాయి బిళ్లతో కొట్టుకుంటూ వెళ్లండి. డొల్ల శబ్దం వచ్చినంత మేర సుద్దతో గీత గీసి, అది ఊడగొట్టి కొత్తది వేయించాలి. డొల్ల మీద లప్పం నిలవదు.

లప్పం సంగతి. తెల్ల సిమెంటు లప్పం రెండు కోట్లూ కలిపి 1.5 మిల్లీమీటర్లు దాటకూడదు. గోడ వంకర సరిచేయడానికి దాన్ని మందంగా పులుముతారు, అది బీటలిస్తుంది. వంకరను ప్లాస్టరింగు దశలోనే దిద్దాలి. కలిపిన లప్పం గట్టిపడుతుంటే మళ్లీ నీళ్లు పోసి వాడనివ్వొద్దు. ఎండాకాలం కొన్ని గంటల్లో రెండో కోటు వేయొచ్చు, వానల్లో మర్నాటి దాకా ఆగాలి. గడువు తరుముకొస్తుంటే ‘హాలోజన్ లైట్లు పెట్టి ఆరబెడతాం సార్’ అంటారు. దానివల్ల పైపొర ఎండి, లోపల తడి అలాగే ఉండిపోతుంది. బయట వాన పడుతున్నప్పుడు కిటికీలు బార్లా తెరిచినా లాభం లేదు, వచ్చేది తడిగాలే. కిటికీలు మూసి, ఫ్యాను వేసి, ఏసీ ఉంటే డ్రై మోడ్‌లో నడపండి. వాన వెలిసి ఎండ పొడిచినప్పుడు తెరవండి.

2017 నవంబరుకు ముందు రంగులు వేసిన తలుపులు, గ్రిల్స్‌ను పొడిగా గీకనివ్వొద్దు. ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) మించకూడదన్న నిబంధన ఆ నెల నుంచే అమల్లోకి వచ్చింది. అంతకు ముందరి ఎనామిల్ రంగుల్లో సీసం ఉండే అవకాశం ఎక్కువ. నీళ్లతో తడుపుతూ గీకాలి, ఊడిన పొట్టును సంచిలో కట్టేయాలి. గర్భిణులు, చిన్నపిల్లలు ఆ రెండు రోజులూ వేరేచోట ఉండటం మంచిది.

నీళ్లు నిలబెట్టి చూశాకే టైల్స్

బాత్‌రూమ్ మారుస్తుంటే వాటర్‌ప్రూఫింగ్ కోటు ఆరాక తూము మూసేసి, నీళ్లు నింపి, గోడ మీద పెన్సిల్‌తో మట్టం గుర్తు పెట్టండి. 48 గంటలు వదలండి. ఆవిరయ్యేది కొద్దిగా ఉంటుంది. గీత కన్నా బాగా దిగితే ఎక్కడో కారుతోంది. కింది ఫ్లాటు వాళ్ల సీలింగునూ వెళ్లి చూడండి. వాళ్లకు ముందే చెప్పి చేస్తే తర్వాతి గొడవలు సగం తగ్గుతాయి. ఈ 48 గంటలు మేస్త్రీకి ఖాళీ రోజులు కాబట్టి దాటవేయడానికి చూస్తారు. వదలొద్దు.

డాబా మీదా ఇలాగే చేయొచ్చు, కానీ బరువు గుర్తుంచుకోండి. అంగుళం లోతు నీళ్లంటే చదరపు మీటరుకు 25 కిలోలు. పదడుగుల చదరం గది మీద దాదాపు 230 కిలోలు. ఇనుము తుప్పు పట్టి అడుగున పెచ్చులూడుతున్న పాత స్లాబు మీద నీళ్లు నిలబెట్టకుండా ఇంజినీరుకు చూపించండి.

ఏ గోడ కొట్టొచ్చు?

హాలూ డైనింగూ కలిపేయాలని అందరికీ ఉంటుంది. అడ్డుగోడను వేలితో తట్టి ‘ఇది ఉత్త నాలుగున్నర అంగుళాల గోడే’ అని తేల్చే మేస్త్రీని నమ్మొద్దు. స్ట్రక్చరల్ డ్రాయింగు తెప్పించుకోండి. హైదరాబాద్‌లోని చాలా కొత్త టవర్లు మైవాన్ షట్టరింగుతో (అల్యూమినియం అచ్చుల్లో కాంక్రీటు పోసి) కట్టినవి. వాటిలో లోపలి గోడలూ కాంక్రీటువే, భవనం బరువును అవీ మోస్తాయి. అక్కడ గోడ కొట్టడమే కాదు, కరెంటు పైపు కోసం లోతుగా గాడి కొట్టి కడ్డీలు బయటపెట్టడమూ ప్రమాదమే. స్లాబులో పోస్ట్ టెన్షన్ కేబుళ్లు (గట్టిగా లాగి బిగించిన ఉక్కు తీగలు) ఉన్న భవనాల్లో సీలింగుకు డ్రిల్ వేసే ముందు బిల్డర్ దగ్గర కేబుళ్ల నక్షా అడగాలి.

ఇటుక గోడల్లోనైనా గాడి నిలువుగా కొట్టడం మేలు. అడ్డంగా పొడవాటి గాడి పెడితే గోడ అక్కడ బలహీనపడుతుంది. పగలగొట్టిన శిథిలాలను బాల్కనీలో కుప్ప పోయొద్దు. ఘనమీటరు ఇటుక ముక్కలు టన్నుకు పైనే తూగుతాయి, వానకు తడిస్తే ఇంకా ఎక్కువ. సంచుల్లో నింపి ఏ రోజుది ఆ రోజే దింపించండి.

చెక్క పని

షీటు వచ్చినప్పుడే ముద్ర చూడండి. వంటిల్లు, బాత్‌రూమ్ పక్క వార్డ్‌రోబ్‌లకు ఐఎస్ 710 మెరైన్ ప్లైవుడ్. పొడి గదులకు ఐఎస్ 303లో బీడబ్ల్యూఆర్ (మరిగే నీటిని తట్టుకునే) రకం సరిపోతుంది. ఎంఆర్ అంటే మామూలు తేమను తట్టుకునేది మాత్రమే, నీళ్లను కాదు. నమూనా ఒక రకం చూపించి లోడులో మరో రకం కలిపే అలవాటు ఉంది కాబట్టి ఒక షీటుతో సరిపెట్టుకోకుండా ప్రతి షీటు మీదా ఐఎస్‌ఐ ముద్ర, లైసెన్సు నంబరు సరిచూసుకోండి.

నిలవలోనే సగం పాడవుతుంది. షీట్లను గోడకు చేరేస్తే వంగిపోతాయి. నేలకు నాలుగంగుళాల ఎత్తున చెక్క పట్టీలు పరిచి, వాటి మీద బల్లపరుపుగా పెట్టాలి. కోయడానికి ముందు కొన్ని రోజులు అదే గదిలో ఉంచితే మంచిది. తెచ్చిన రోజే కోసి బిగిస్తే తలుపులు తర్వాత మెలితిరుగుతాయి. లామినేట్ బయటివైపు మాత్రమే అంటించి లోపలివైపు వదిలేసినా అంతే. బయట 1 మిల్లీమీటరు వేస్తే లోపల కనీసం 0.8 లైనరైనా వేయించాలి.

బయటి గోడకో బాత్‌రూమ్ గోడకో వార్డ్‌రోబ్‌ను పూర్తిగా అతికించొద్దు. ముప్పావు అంగుళం సందు వదిలి, పైనా కిందా గాలి ఆడేలా చూడండి. కింద నాలుగంగుళాల స్కర్టింగును ప్లైవుడ్‌తో కాకుండా గ్రానైటుతోనో పీవీసీతోనో చేయించండి. తడిగుడ్డతో నేల తుడిచే ఇళ్లు మనవి, మొదట ఉబ్బేది ఆ పట్టీయే. సింకు కోసం కోసిన అంచు, పైపు కోసం తొలిచిన రంధ్రం లాంటి కంటికి కనపడని చోట్లన్నీ సీలెంటు పట్టించాలి. చెదల మందు కప్‌బోర్డు బిగించక ముందే గోడా నేలా కలిసేచోట కొట్టించాలి. తర్వాత చెయ్యి దూరదు.

ఇంకో మాట. వానల్లో టేకు తలుపైనా ఉబ్బి గుమ్మానికి పట్టేస్తుంది. ‘కొంచెం రందా పడదాం’ అని వడ్రంగి చిత్రిక పడితే, ఫిబ్రవరిలో తలుపు ఎండి ముడుచుకున్నాక వేలు దూరేంత సందు తేలుతుంది. అస్సలు మూయలేని స్థితి అయితేనే కాస్త తీయించండి, తీసిన అంచుకు వెంటనే పాలిష్ పట్టించండి. ఎప్పుడూ ఎవరూ పూయని తలుపు పై అంచు, కింది అంచులకు కూడా.

మెలమైన్, పీయూ పాలిష్‌లు ముసురు పట్టిన రోజు కొట్టొద్దు. తేమ తగిలి పాల చాయ లాంటి తెల్ల మచ్చలు వస్తాయి. థిన్నర్, రబ్బరు గమ్ము ఆవిర్లు సులువుగా అంటుకుంటాయి కాబట్టి ఆ పూట పూజగదిలో దీపం, వంటింట్లో పొయ్యి వెలిగించొద్దు. థిన్నర్ పీల్చిన గుడ్డలను ముద్దగా చుట్టి మూల పడేయకుండా బయట ఆరేయించండి.

సీలింగు, కరెంటు

ఫాల్స్ సీలింగు కట్టాక పైన ఏం జరుగుతోందో కనపడదు. అందుకని స్లాబు లీకు ఉంటే అది కుదిరాకే పని. జిప్సం బోర్డు 12.5 మిల్లీమీటర్లది వాడి, స్క్రూలు తొమ్మిదంగుళాలకు ఒకటి చొప్పున వేయాలి. ఫ్యాను బరువు స్లాబు కొక్కేనికే వేలాడాలి, బోర్డు మీద పడకూడదు. ఏసీ పైపులు వెళ్లేచోట అడుగున్నర తలుపు వదిలించండి. వానాకాలం సీలింగు మీద కనిపించే మచ్చల్లో చాలావాటికి స్లాబు కారణం కాదు. ఏసీ రాగి పైపు మీద నురగ తొడుగు జాయింటు దగ్గర విడిపోతే అక్కడ చెమట పట్టి బొట్లు బొట్లుగా పడుతుంది. బోర్డు మూసే ముందు ఆ జాయింట్లన్నీ టేపు చుట్టించి, డ్రెయిన్ పైపు వాలు ఒక మగ్గు నీళ్లు పోసి చూడండి.

ఏసీ, గీజరు లైన్లకు 4 చదరపు మిల్లీమీటర్ల వైరు, లైట్లకు 1.5. బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్చి) లేకపోతే, మిగతా పనులకన్నా ముందు అది పెట్టించండి. తడి గోడల మధ్య గ్రైండరు, కటింగ్ మెషిన్ నడిపే మనుషుల ప్రాణాలు దాని మీదే ఉంటాయి. దాని మీది టెస్ట్ బటన్ నొక్కితే టక్కున పడిపోవాలి. గాడులు మూసే ముందు ప్రతి గోడనూ, టేపు కొలత కనపడేలా పెట్టి ఫోటో తీసుకోండి. రేపు టీవీ బిగించేవాడి డ్రిల్ ఎక్కడ దిగకూడదో ఆ ఫోటోలే చెబుతాయి.

డబ్బు ఎప్పుడు ఇవ్వాలి

దశలవారీగా ఇవ్వండి. నీళ్లు నిలబెట్టిన పరీక్ష నెగ్గాక ఒక వంతు, కరెంటు పరీక్షయ్యాక ఒక వంతు, ఇలా. చివరి పది శాతాన్ని గృహప్రవేశం నాడు కాకుండా, పని పూర్తయ్యాక పడే మొదటి పెద్ద వాన వెలిసిన మర్నాడు ఇస్తామని ఒప్పందంలోనే రాసుకోండి. ఆ రోజు టార్చి పట్టుకుని కిటికీల కింది మూలలు, వార్డ్‌రోబ్ వెనక సందు, సీలింగులో వదిలిన తలుపు లోపల, సింకు కింద చూడండి. అరచేయి ఆనిస్తే చల్లగా, తడిగా తగిలిన చోటును సుద్దతో గుర్తు పెట్టి, కాంట్రాక్టరును పిలిచి చూపించండి.